ఎడమ సీటు హదస్సా

మెట్టుగూడ, చిలకలగూడ చుట్టుపక్కల కారు నడుపుతున్న ఆడవాళ్ళనెవరినైనా ఆపి, బండి నేర్పిందెవరని అడగండి. ఇద్దరిలో ఒకరు హదస్సా మేడమ్ పేరు చెబుతారు. చెబుతూ నవ్వుతారు. ఆ నవ్వులో కాస్త బెదురు కూడా ఉంటుంది. ఆవిడ చేత తిట్లు తినకుండా లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు ఆ పేటలో లేరు మరి.

"రోడ్డు మీ అత్తగారిల్లు కాదమ్మా, అంత మొహమాటం దేనికి? నీ వంతు వచ్చింది, కదులు" అంటుంది. "హారన్ మీంచి చెయ్యి తియ్యి, ముందున్న బర్రెకి నీ అర్జెంటు తెలీదు" అంటుంది. విష్ణువర్ధన్ గారని, బ్యాంకు మేనేజరుగా రిటైరై, మనవరాలిని స్కూలుకి దింపాలనే ముచ్చటతో కారు నేర్చుకోవడానికి వచ్చారు. ఆయనకి ఎదురుగా లారీ కనిపిస్తే చాలు, కళ్ళు మూసుకునే అలవాటు. "సార్, ప్రార్థన ఇంటి దగ్గర ముగించుకుని రావాలి. ఇక్కడ చేసేది కళ్ళు తెరిచే చెయ్యాలి" అంది. ఆయన ఆ మాట ఇంటికెళ్ళి భార్యకి చెప్పుకుని నవ్వి, మర్నాడు అరగంట ముందే వచ్చి కూర్చున్నారు.

డ్రైవింగ్ స్కూలు కారులో ఎడమ సీటు ఒక వింత ఆసనం. అక్కడ కూర్చున్న మనిషి చేతిలో స్టీరింగ్ ఉండదు. కాళ్ళ దగ్గర మాత్రం రెండు పెడళ్ళుంటాయి, ఒకటి క్లచ్, రెండోది బ్రేక్. యాక్సిలరేటర్ ఉండదు. అంటే బండిని ఆపగలదు తప్ప ఒక్క అడుగు ముందుకు నడపలేదు. పూర్వం సంస్థానాల్లో దివాన్లకీ, పెద్ద కుటుంబాల్లో అమ్మమ్మలకీ ఇలాంటి అధికారమే ఉండేది. ఆ సీట్లో పాతికేళ్ళకు పైగా కూర్చున్న మనిషి హదస్సా.

ఆవిడ తండ్రి జ్ఞానశేఖర్ గూడ్సు రైళ్ళ డ్రైవరు. వాళ్ళ పూర్వీకులది గుంటూరు వైపు. మిషన్ బడిలో చదువుకుని, రైల్వేలో ఉద్యోగం దొరికి మెట్టుగూడ క్వార్టర్సుకి వచ్చి ఇక్కడే వేళ్ళు దింపుకున్నారు. రైలింజన్లో ఇసుక పెట్టెలుంటాయన్న సంగతి చాలామందికి తెలియదు. వానకి పట్టాలు తడిసి చక్రాలు జారితే డ్రైవరు వాటి ముందు ఇసుక రాలుస్తాడు, చక్రానికి పట్టు దొరుకుతుంది. ఇంత ఇనుప కొండకి పిడికెడు ఇసుక ఆసరా కావలసి రావడం చిన్న హదస్సాకి గొప్ప ఆశ్చర్యం. కానీ చక్రాల దగ్గరికి ఆవిడను చేర్చింది మాత్రం తండ్రి కాదు, భర్త నతానియేల్. 

ఆయన పెట్టిన డ్రైవింగ్ స్కూలుకి ఆడవాళ్ళు వచ్చేవారు గానీ, పక్కన పరాయి మగవాడు కూర్చుంటే బిగుసుకుపోయేవారు. వెనక సీట్లో కాపలాకి వచ్చిన అన్నయ్యలూ మొగుళ్ళూ ఊరుకునేవారా? ఎవరికి తోచిన సలహా వాళ్ళు అరిచేవారు. ఆ గోల పడలేక నతానియేల్, కాపలాదార్లందర్నీ దింపేసి వాళ్ళ బదులు తన భార్యను వెనక సీట్లో కూర్చోబెట్టాడు. వెనక కూర్చుని చూస్తూ చూస్తూ ఆవిడకి పని మొత్తం పట్టుబడింది. ఒకరోజు ఆయన జ్వరంతో పడుకుంటే ముందుకొచ్చి ఎడమ సీట్లో కూర్చుంది. ఇక దిగలేదు. ఆయన పోయాక ఆవిడ తమ్ముడు యెషయా ఆఫీసు గది చూసుకుంటుంటే, రోడ్డు ఆవిడ చూసుకుంది.

స్కూల్లో నతానియేల్ కాలం నుంచీ ఒక నియమం ఉండేది. వాన పడితే క్లాసు లేదు. ఇది వాళ్ళొక్కరి నియమమే కాదు, ఊళ్ళో చాలా స్కూళ్ళదీ అదే పద్ధతి. బురద కాళ్ళతో కారెక్కుతారు, అద్దాలు మసకబారతాయి, నేర్చుకునేవాళ్ళు భయపడతారు, ఎందుకొచ్చిన తక్లీఫ్ అని. మేఘం నల్లబడగానే యెషయా ఫోన్లు చేసేవాడు, "ఇవాళ క్లాస్ క్యాన్సిల్ అమ్మా, రేపు రండి" అని. వాళ్ళు నేర్చుకునేది వానలేని ఊళ్ళో, లైసెన్సు చేతికొచ్చాక నడపాల్సింది వాన పడే ఊళ్ళో. ఇందులో తేడా ఉందని ఎవరికీ తట్టలేదు. హదస్సాకీ తట్టలేదు.

ఆ ఏడు జూన్‌లో తొలివాన ఒక మధ్యాహ్నం కురిసింది. ఎండలున్నన్నాళ్ళూ రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, బళ్ళు కార్చిన నూనె, టైర్లు అరిగి రాల్చిన రబ్బరు, వీటన్నిటినీ తొలివాన కడగదు, కలుపుతుంది. ఎడ్లబండి తోలుకునే రోజుల్లో మనిషికి ఒక వెసులుబాటు ఉండేది. తోలేవాడు కునికినా, కంగారుపడినా ఎద్దులకి సొంత బుద్ధి ఉండేది, జారే చోట అవే అడుగు ఆచితూచి వేసేవి. కారుకి ఆ బుద్ధి లేదు. ఉన్న బుద్ధంతా లోపల కూర్చున్న మనిషిదే.

రెజిమెంటల్ బజార్లో సీటు కవర్లు కుట్టించుకుని హదస్సా స్కూలు కారులో మెట్టుగూడకి తిరిగి వస్తోంది. పక్కన ఎవరూ లేరు. ఆవిడే కుడి సీట్లో ఉంది, స్టీరింగ్ పట్టుకుని. మెట్రో లైను కిందికి వచ్చేసరికి వాన జోరందుకుంది. మన ఊళ్ళో వాన షురూ కాగానే స్కూటర్లూ బైకులూ పిట్టల్లా వంతెనల కిందికి చేరతాయి. ముందొచ్చినవాళ్ళు గోడవారగా, తర్వాత వచ్చినవాళ్ళు వాళ్ళ పక్కన, అలా పేరుకుంటూ పేరుకుంటూ సగం రోడ్డు మూసుకుపోతుంది. ఆ గుంపులో అందరికంటే ఆలస్యంగా వచ్చి, అందరికంటే రోడ్డు మీదికి నిలబడ్డ మనిషి బుల్లబ్బాయి. మోండా మార్కెట్లో అతనికి మిఠాయి కొట్టు ఉంది. గోదావరి జిల్లా నుంచి వచ్చి కాజాలూ పూతరేకులూ అమ్ముకుంటున్నాడు. ఎవరింట్లోనో నిశ్చితార్థానికి కాజాల పెట్టెలు స్కూటరుకి కట్టుకుని బయల్దేరి, వాన రాగానే ఆగి, పెట్టెల మీద ప్లాస్టిక్ పట్టా కప్పుతున్నాడు.

మలుపు దగ్గర రోడ్డుకి అడ్డంగా నీళ్ళు పారుతున్నాయి. హదస్సా కారు వాటిలోకి దిగింది. ఉన్నట్టుండి స్టీరింగ్ చేతిలో తేలికైపోయింది, తాడు తెగిన గాలిపటంలా. మరుక్షణం ఆవిడ రెండు కాళ్ళూ బలమంతా పెట్టి తొక్కేశాయి. చక్రాలు బిగుసుకున్నాయి. కారు ఆగలేదు. నీళ్ళ మీద పక్కకి తిరుగుతూ, తిన్నగా పోవలసిన ముక్కుని వంతెన వైపు తిప్పుకుని, జారుతూ వెళ్ళి బుల్లబ్బాయి స్కూటర్ని గుద్దింది. స్కూటరు అతని కాలి మీద పడింది.

గుంపు కారుని చుట్టేసింది. ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం చూసి ఒకడు అరిచాడు.

"నేర్చుకునేటోడు నడిపిండు భాయ్! ఏడున్నడు వాడు? దిగి ఉరికిండా?"

"ఎవరూ ఉరకలేదు" అంది హదస్సా కారు దిగుతూ. "నేర్చుకునేవాళ్ళెవరూ లేరు. నడిపింది నేనే. నేను టీచర్‌ని. ముందు స్కూటర్ ఎత్తండయ్యా, ఆయన కాలు కింద ఉంది."

ఆ జవాబుకి గుంపు తికమక పడింది. దెబ్బలాడటానికి సిద్ధమైనవాళ్ళకి ఎదుటి మనిషి తనంతట తనే ఒప్పేసుకుంటే ఏం చెయ్యాలో తోచదు. స్కూటరెత్తారు. బుల్లబ్బాయి మోకాలి కింద కాలు ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. హదస్సా తడి రోడ్డు మీద చతికిలబడి అతని తల ఒళ్ళో పెట్టుకుని అంబులెన్సుకి ఫోన్ చేసింది. అతను మూలుగుతూ ఏదో అంటున్నాడు. చెవి దగ్గర పెట్టి విన్నది.

"కాజాలండీ... కాజాలు తడిసిపోతన్నాయండీ... మా ఆవిడ చంపేత్తదండీ..."

ఆసుపత్రిలో అతన్ని లోపలికి తీసుకెళ్ళాక, అతని భార్య కామాక్షి ఆటో దిగి వచ్చింది. మనిషి పొట్టి, గొంతు గట్టి. వరండా అంతా చూసి, తడి చీరతో బల్ల మీద కూర్చున్న హదస్సా ముందు ఆగింది.

"మీరేనా గుద్దింది?"

"నేనేనమ్మా."

పక్కనే ఉన్న యెషయా అడ్డొచ్చాడు. "వాన అట్లుందమ్మా. నీళ్ళల్ల బండి జారింది. ఎవరేం చేస్తరు?"

"వానేం చేసిందండీ పాపం?" అంది కామాక్షి. "వానొచ్చి మా ఆయన మీద పళ్ళేదుగా. మీ కారొచ్చి పడింది."

అప్పుడే కట్టు కట్టించుకుని బయటికి వచ్చిన బుల్లబ్బాయి మంచం మీంచే భార్యను కసిరాడు.

"ఆయ్, ఊరుకోవే. తప్పు నాదేనే. రోడ్డు మజ్జిలో బండెట్టుకు నిలబడ్డాను. అయ్యగారూ, పోలీసులొత్తే అదే సెప్తానండి. పాతికేళ్ళ బట్టీ పదిమందికి బండి నేర్పే అమ్మగారు తప్పెందుకు సేత్తారండి? నాదేనండి తప్పు."

యెషయా మొహం వెలిగింది. హదస్సా మొహం వాడిపోయింది. మాట తనకి అనుకూలంగా ఉంటే మనసు కుదుటపడాలి. ఆవిడకి మాత్రం ఎక్కడో ముల్లు దిగినట్టయింది. ఎందుకో తెలియలేదు. గంటసేపటి నుంచీ ఒకటే ప్రశ్న ఆవిడను తొలుస్తోంది. తడి రోడ్డు మీద బండి తేలితే బ్రేకు మీద ఎగిరి దూకకూడదని నోటితో ఎందరికో చెప్పింది. కాలు యాక్సిలరేటర్ మీంచి తీసి, స్టీరింగ్ కదలనీయకుండా పట్టుకుంటే చక్రం తనే నేలను అందుకుంటుందని చెప్పింది. మరి తను ఎందుకు తొక్కింది?

ఆ ఆలోచనలో ఉండగానే వరండా మలుపులో నుంచి ఇద్దరు వార్డుబాయిలు రోగి బండిని పరుగున తోసుకువచ్చారు. ఎదురుగా ఎవరో ముసలాయన. అంతే, బల్ల మీద కూర్చున్న హదస్సా రెండు కాళ్ళూ ఒక్కసారిగా నేలను తొక్కిపట్టాయి. ఎడమ కాలు, కుడి కాలు, రెండూ జంటగా, వేళ్ళు తెల్లబడేలా. ముసలాయన తప్పుకున్నాడు, బండి వెళ్ళిపోయింది. ఆవిడ మాత్రం తన పాదాల వంక చూస్తూ ఉండిపోయింది.

అవి కుడి సీటు కాళ్ళు కావు. ఇన్నేళ్ళూ పక్కవాళ్ళు తడబడినప్పుడల్లా క్లచ్, బ్రేక్ రెండూ కలిపి అణగదొక్కి బండిని చచ్చినట్టు ఆపేసిన కాళ్ళు. ఎండిన రోడ్డు మీద, నెమ్మదిగా పోయే నేర్చుకునేవాళ్ళ బండికి అది ప్రాణం నిలిపే పని. ఎన్ని గేదెల్ని, ఎంతమంది పిల్లల్ని, ఎన్ని గోడల్ని కాపాడాయో ఆ కాళ్ళు. నీళ్ళ మీద తేలుతున్న బండికి మాత్రం అంతకంటే చెరుపు లేదు. మామూలు డ్రైవరైతే ఆ క్షణంలో బహుశా బ్రేకు ఒక్కటే తొక్కేవాడేమో, లేకపోతే భయపడి ఏమీ చెయ్యకపోయేవాడేమో. రెండు కాళ్ళూ జంటగా దూకించే అలవాటు ఎడమ సీట్లో బతికినవాళ్ళకే వస్తుంది. అంతేకాదు. వానలో క్లాసులు ఉండి ఉంటే, ఈ కాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు తమ తప్పు తెలుసుకుని ఉండేవి. పాతికేళ్ళూ వాన రాగానే ఇంటికెళ్ళి టీ తాగిన కాళ్ళివి.

"తమ్ముడూ" అంది, "నేను బ్రేకు తొక్కాను."

"అందరూ తొక్కుతరు అక్కా."

"అట్లా కాదు. క్లచ్చూ బ్రేకూ రెండూ కలిపి తొక్కేశా. ఎడమ సీట్లో తొక్కినట్టు."

యెషయాకి వెంటనే అర్థమైంది. ఆయనా ఆ పనిలో ఉన్నవాడే కదా. గొంతు తగ్గించాడు.

"అక్కా, జెర విను. ఈ ముచ్చట నీకూ నాకూ తప్ప ఎవరికీ సమజ్ కాదు. పోలీసోళ్ళకి చెప్పకు. డ్రైవింగ్ టీచరే తప్పు తొక్కిందని రాసుకున్నరనుకో, నీ లైసెన్స్ ఆపుతరు, స్కూల్ మీదికి వస్తరు. ఆయన తనదే తప్పంటుండు. వాన ఉంది, నీళ్ళున్నయి. ఇంకేం కావాలె?"

హదస్సాకి ఆ ఎడమ సీటు తప్ప వేరే బతుకు తెలియదు. పిల్లలు లేరు, పెన్షన్ లేదు. వీటికంటే పెద్ద సంగతి, పొద్దున్నే ఎవరో ఒక పిల్ల స్టీరింగ్ వెనక చెమటలు కక్కుతూ కూర్చుంటే, పక్కన తను కూర్చుని ఆ భయాన్ని రోజుకింత కరిగించడం, అదొక్కటే ఆవిడకి చేతనైన సంతోషం. అది పోతుందేమోనని ఆవిడకి నిజంగానే భయం వేసింది. ఆ భయాన్ని దాచుకోవాలని కూడా అనుకోలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

మర్నాడు పోలీస్ స్టేషన్లో ఎస్సై కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. ఆయన చెల్లెలు కూడా ఆవిడ దగ్గరే నేర్చుకుందట.

"కూసోండ్రి మేడమ్, చాయ్ తాగుతరా? మీరేం పరేషాన్ కాకుండ్రి. నేనే రాసి పెట్టిన." కాగితం చదివాడు. భారీ వర్షం, రోడ్డు మీద నీరు, అడ్డంగా నిలిపిన ద్విచక్ర వాహనం, అదుపు తప్పిన కారు. "బుల్లబ్బాయి గూడ గిదే చెప్పిండు. సంతకం పెట్టుండ్రి, అయిపాయె."

"సార్, ఇందులో నా కాలు లేదు" అంది హదస్సా.

"మీ కాలుకేమైంది? దెబ్బ తాకిందా?"

"బ్రేకు మీద పెట్టిన కాలు. వాన పడింది నిజమే. ఆ వానలోనే నా ముందు రెండు ఆటోలు వెళ్ళాయి, ఒక బస్సు వెళ్ళింది. ఏదీ జారలేదు. నేను రెండు పెడళ్ళూ తొక్కేస్తే చక్రాలు లాకయ్యాయి, అందుకే తిరిగింది. ఆయన రోడ్డు మీద నిలబడ్డాడు, అదీ నిజమే. నిలబడ్డాడని నాకు కనబడుతూనే ఉంది. కనబడినప్పుడు స్పీడ్ తగ్గించాల్సింది నేను."

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. "ఏందీ మేడమ్, గిట్ల మాట్లాడుతున్నరు! కారు లోపల మీరొక్కరే ఉన్నరు. మీ కాలు ఏడ ఉన్నదో చూసినోడెవడు?"

"ఎవరూ చూళ్ళేదు సార్. అందుకే నేను చెప్పాల్సి వస్తోంది."

"అక్కా..." అన్నాడు యెషయా వెనక నుంచి. అది బతిమాలడమో, కోపమో తెలియకుండా ఉంది.

"మీ చెల్లెలికి నేను వానలో నడపడం నేర్పానా సార్?" అని అడిగింది హదస్సా. ఎస్సై తల గోక్కుంటే తనే జవాబు చెప్పింది. "నేర్పలేదు. వాన పడితే క్లాసు లేదన్నాను. ఆ పిల్ల ఇవాళ ఈ వానలో ఎక్కడో నడుపుతూనే ఉంటుంది. వానదే తప్పు అని నేను ఇక్కడ సంతకం పెడితే, రేపు ఆ పిల్ల కూడా ఎవర్నో గుద్ది అదే మాట అంటుంది. నేర్పింది నువ్వే కదా అని దేవుడు నన్ను కదా అడిగేది."

ఎస్సై కాగితం చింపేసి కొత్తది తీశాడు.

నిజం చెబితే ఆకాశం విరుచుకుపడలేదు. కానీ పూలవానా కురవలేదు. కోర్టు జరిమానా వేసింది. లైసెన్సు కొన్ని నెలలు ఆపేశారు, ఆ నెలలు స్కూలూ మూతబడింది. టీచరమ్మే గుద్దేసిందంట అని పేటలో చెప్పుకున్నారు. డబ్బు కట్టిన పిల్లలు వేరే స్కూలుకి వెళ్ళిపోయారు. యెషయా తార్నాకలో ఎవరి దగ్గరో తాత్కాలికంగా పనికి కుదిరి, అక్కతో చాలా రోజులు ముక్తసరిగా మాట్లాడాడు. దారిలో కనబడ్డవాళ్ళు కొందరు జాలిపడితే, కొందరు పక్కకి తిరిగి నవ్వారు. పేరు సంపాదించడానికి పట్టినంత కాలం పోగొట్టుకోవడానికి పట్టదన్నది ఆవిడకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

హదస్సా బస్సెక్కి మోండా మార్కెట్‌కి వెళ్ళడం మొదలుపెట్టింది. మొదటి రోజు బుల్లబ్బాయిని చూసి పోదామనే వెళ్ళింది. కొట్టు వెనక గదిలో అతను కాలు పైకెత్తి పడుకుని ఉన్నాడు. ముందు కామాక్షి ఒక్కతే కొట్టు నెట్టుకొస్తోంది.

"వచ్చారా? ఇంకేం విరగ్గొడదామని?" అంది.

"ఏమైనా పని చెప్పండి."

కామాక్షి కాజాల తట్టనీ ఖాళీ పెట్టెల్నీ ముందుకి తోసింది. హదస్సా కట్టిన మొదటి పెట్టె దారం ఊడి కాజాలన్నీ బల్ల మీద దొర్లాయి.

"పెట్టె కట్టే తీరు చూత్తే కారెలా తోలారో తెలుత్తానే ఉందండి" అంది కామాక్షి. లోపల్నించి బుల్లబ్బాయి నవ్వు వినిపించింది. "నువ్వు నవ్వకు, రోడ్డు మజ్జిలో నిలబడే మొహమా" అని అటు కూడా ఒకటి విసిరింది.

మర్నాడు హదస్సా మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. కొన్నాళ్ళకి ఆవిడ కట్టిన పెట్టె ఎత్తి విసిరినా ఊడనంత బిగువైంది. ఒక మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక కామాక్షి అడిగింది.

"నాకో సంగతి అర్థం కాదండి. మా ఆయన తప్పు నాదే మొర్రో అని మొత్తుకుంటంటే, మీరెందుకండీ అడ్డపడ్డారు?"

హదస్సా దారం చుడుతూ చెప్పింది. "నన్ను నమ్మి ఆ మాట అన్నాడమ్మా ఆయన. టీచరు కదా, తప్పు చెయ్యదులే అని. పిల్లలు నా పక్కన స్టీరింగ్ పట్టుకునేది కూడా ఆ నమ్మకంతోనే. దాన్ని నేను పోలీస్ స్టేషన్లో వాడేసుకుంటే, ఇక కారులో కూర్చున్నప్పుడు నా దగ్గర ఏముంటుంది?"

కామాక్షి ముందున్న పెట్టెలు పక్కకి జరిపి, "అన్నం తిన్నారా?" అంది.

లైసెన్సు తిరిగి చేతికొచ్చేసరికి వానలు వెనకపట్టు పట్టాయి. హదస్సా స్కూలు తెరవలేదు. ముందు తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరే, వాన పడ్డప్పుడల్లా నువ్వు ఎడమ సీట్లో కూర్చో. నేను నడుపుతా. రెండు కాళ్ళూ కలిపి తొక్కానంటే గట్టిగా తిట్టు."

"ఇన్నేళ్ళకి ఛాన్స్ దొరికింది" అన్నాడు యెషయా. అలిగి ఉన్నవాడు అప్పుడే మొదటిసారి నవ్వాడు. రైల్వే వాళ్ళ ఖాళీ మైదానం పక్కన బళ్ళు తిరగని రోడ్డు మీద అక్కా తమ్ముళ్ళు మబ్బు పట్టినప్పుడల్లా వెళ్ళేవాళ్ళు. అరవై దగ్గర పడుతున్న మనిషి తన కాళ్ళకి మళ్ళీ అక్షరాభ్యాసం చేయించుకుంది. సంగీతం నేర్పే గురువులు కూడా తమ గొంతులో పాతుకుపోయిన తప్పుని తియ్యడానికి నానా అవస్థ పడతారట. శిష్యుడి తప్పు వినిపించినంత తేలిగ్గా ఎవరి తప్పు వాళ్ళకి వినిపించదు. "తొక్కినవ్ అక్కా! మళ్ళా తొక్కినవ్! నీకు లైసెన్స్ ఎవడిచ్చిండే?" అని యెషయా మనసారా తిట్టాడు. ఆవిడ ప్రతిసారీ బండి వెనక్కి తిప్పుకుని మొదటి నుంచి నడిపింది.

తర్వాత ఫోను పట్టుకుంది. దొరికిన ప్రతి పాత విద్యార్థినికీ ఒకటే మాట. "నేను నీకు ఒక పాఠం బాకీ ఉండిపోయాను. వాన పడ్డ రోజు రా. ఫీజు లేదు." కొందరు నవ్వి పెట్టేశారు. కొందరు వచ్చారు. కొత్తగా స్కూలు తెరిచాక, వాన చూడకుండా ఎవర్నీ పాసు చెయ్యనని పట్టుబట్టింది. ఎండాకాలంలో నేర్చుకున్నవాళ్ళు జూన్ దాకా ఆగాల్సిందే. "గిట్లయితే ఎవరొస్తరు అక్కా?" అని యెషయా నెత్తి కొట్టుకున్నాడు. నిజంగానే తక్కువమంది వచ్చారు.

వాళ్ళలో మొదట వచ్చింది కామాక్షి.

"మా ఆయన కాలికి ఇక స్కూటరు ఆగదంటన్నారు డాక్టర్లు. సెకండ్ హ్యాండులో చిన్న వ్యాను తీసుకున్నాం. సరుకు తిప్పాలి. నేర్పండి" అంది.

యెషయా తెల్లబోయాడు. "మా దగ్గరనా? ఊళ్ళో ఇన్ని స్కూళ్ళున్నయి కదమ్మా."

"ఉన్నాయిలెండి. వాళ్ళు ఎప్పుడేం విరగ్గొట్టారో వాళ్ళు చెప్పరుగా. ఈవిడదైతే నాకు తెలుసు."

అక్టోబరు చివర్లో, ఇక వానలు లేవనుకున్నాక ఒక పొద్దున్న ఆకాశం చిల్లు పడినట్టు కురిసింది. కామాక్షి ఫోన్ చేసింది, ఇవాళ క్లాసు ఉండదుగా అని కాస్త ఆశగా.

"ఇవాళే క్లాసు. రండి" అంది హదస్సా.

మైదానం పక్క రోడ్డు మీద నీళ్ళు పల్చగా పరుచుకుని ఉన్నాయి. కుడి సీట్లో కామాక్షి, ఎడమ సీట్లో హదస్సా. "ఏవండీ, నాకు చేతులు చల్లబడిపోతున్నాయి" అంది కామాక్షి. "పడనివ్వండి. కాళ్ళ సంగతి చూసుకోండి. ఇంకొంచెం వేగం. ఊఁ, ఇంకొంచెం" అంది హదస్సా. కారు నీళ్ళలోకి దిగింది. వెనక భాగం మెల్లగా ఒక పక్కకి ఒరిగి జారింది. కామాక్షి కెవ్వుమంది.

ఎడమ సీటు కింద రెండు పాదాలు పైకి లేచాయి. పెడళ్ళకి వేలెడు ఎడంలో ఆగాయి. ఆగి అక్కడే ఉన్నాయి, సిద్ధంగా.

"కాలు తీసెయ్యి. స్టీరింగ్ వదలకు. గోడ వైపు చూడకు, రోడ్డు వైపు చూడు" అంది హదస్సా, పక్కింటావిడతో కూర సంగతి చెప్పినంత నింపాదిగా.

కామాక్షి కాలు తీసింది. ఊపిరి బిగబట్టి రోడ్డు వైపు చూసింది. ఒక్క గుటక వేసేంత సేపు కారు ఎవరి మాటా వినలేదు. తర్వాత చక్రాల కింద నేల గరగరమంది. ముక్కు తిన్నబడింది. కారు మామూలుగా, ఏమీ ఎరగనట్టు ముందుకి నడిచింది.

కామాక్షి బండి పక్కకి ఆపి చీర కొంగుతో మొహం తుడుచుకుంది. తలొంచి హదస్సా కాళ్ళ వైపు చూసింది.

"మీరు తొక్కలేదేంటండీ?"

"అవసరం పళ్ళేదు."

"ఫీజు తీసుకుని ఊరికే కూర్చున్నారన్నమాట" అంది కామాక్షి. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ వాన చప్పుడులో తెలియలేదు. గేరు మార్చి, అద్దంలో వెనక్కి చూసుకుని, అడక్కుండానే బండిని మళ్ళీ ఆ నీళ్ళ వైపు తిప్పింది.